కదలని కాగితం

నా చిన్నప్పుడు నేనొకావిడకి ఇంగ్లీషు పంతులమ్మని. అప్పటికి నాకు పదేళ్ళు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మేమున్న అపార్ట్‌మెంట్లో కిందింటి ఆంటీది ఈజిప్టు. అక్కడ పన్నెండేళ్ళు మందుల షాపు నడిపిన ఫార్మసిస్టు. ఇక్కడ మళ్ళీ ఆ పని చెయ్యాలంటే ముందు ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ప్యాసవ్వాలి. అప్పటికే రెండుసార్లు తప్పింది. అరబిక్‌లో ‘ప’ లేదు, ‘వ’ కూడా లేదు. ఆవిడ నోట పేషెంటు బేషెంటు అయ్యేది, వెరీ కాస్తా ఫెరీ అయ్యేది. మందుల గురించి ఆవిడకి తెలియనిది లేదు, కానీ పరీక్షలో అడిగేది మందుల గురించి కాదు.

ఆవిడ బాధ విని మా అమ్మ నన్ను అప్పజెప్పింది. ఇక్కడి బడిలో చదువుతున్నాను కాబట్టి ఇంగ్లీషు విషయంలో నా మాటే వేదమని ఇద్దరికీ నమ్మకం. రోజూ సాయంత్రం అరగంట పాఠం. ఆంటీ సన్నటి కాగితం ముక్క పెదవుల ముందు పట్టుకునేది. ‘ప’ సరిగ్గా పలికితే గాలి తగిలి కాగితం ఎగరాలి, ‘బ’ అంటే కదలదు. ఒక్కో మాటా పలికి, కాగితం వంక కాకుండా నా మొహం వంక చూసేది.

"బేబర్ మూఫ్డ్?" అని అడిగేది.

మొదటి వారం నిజమే చెప్పాను. రెండో వారానికి విసుగొచ్చింది. సరిగ్గా ఆ వేళకే పిల్లలంతా పార్కింగ్ లాట్‌లో సైకిళ్ళు తొక్కేవాళ్ళు. వాళ్ళ కేకలు వినబడుతుంటే నా ప్రాణమంతా అక్కడే ఉండేది. ఒకరోజు కాగితం కదలకపోయినా "పర్ఫెక్ట్ ఆంటీ!" అనేశాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. పది నిమిషాల్లోనే నన్ను పంపించేసింది. ఇక రోజూ అదే వరస.

"ఏమే, ఆంటీకి సరిగ్గా చెప్తున్నావా?" అని అమ్మ అడిగితే, "షి ఈజ్ సో గుడ్ నౌ అమ్మా" అని తడుముకోకుండా చెప్పేదాన్ని.

ఆంటీ మూడోసారీ తప్పింది. ఇంక పరీక్షలు చాలన్నాడట వాళ్ళాయన. పై సోమవారం నుంచి ఒక గోడౌన్‌లో మందుల పెట్టెలకి లేబుళ్ళు అంటించే పనికి కుదిరింది.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం భయపడుతూనే కిందికి వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు. రవ్వతో చేసిన స్వీటు ముక్క ప్లేటులో పెట్టి చేతికిచ్చింది. ప్లేటు పక్కన పెట్టి, ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"ఐ నో," అంది ఆంటీ. "ఐ సీ ద బేబర్ ఆల్సో. బట్ యూ సే గుడ్... ఐ లైక్ టు బిలీఫ్."

కాగితం కదలడం లేదని ఆవిడకీ తెలుసు. బాగుందని ఈ దేశంలో ఒక్కరైనా అంటుంటే నమ్మాలనిపించిందట. అంతకన్నా నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

ఇప్పుడు నా తల నెరిసింది. ఈ దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలు ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు నా ఎదుట కూర్చుని మాట్లాడి, "ఎలా ఉందాంటీ?" అని ఆశగా అడుగుతారు. బాగాలేకపోతే బాగాలేదని మొహం మీదే చెప్తాను. మళ్ళీ మళ్ళీ అనిపిస్తాను. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడా. కర్కోటకురాలినని నాకు పేరుందని తెలుసు. ఉండనీ.

మందుల షాపుకి వెళ్ళినప్పుడు మాత్రం కౌంటరు వెనక ఆ తెల్లకోటు వంక చూడలేను. అది ఆంటీ వేసుకోవలసిన కోటు. పూటకి ఇరవై నిమిషాల సైకిలు కోసం నేనే దాన్ని ఆవిడకి కాకుండా చేశాను.