ప్రసాదం లేని ఊళ్లు

మా పక్కింట్లో పదేళ్లు అద్దెకున్న టీచరు గారు కిందటి నెల రెండో శనివారం కన్నుమూశారు. ఆవిడ ఈ మధ్య ఉంటున్న వినగడప నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. మధ్యాహ్నం భోంచేసి, పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నారట. సాయంత్రం టీకి లేపితే లేవలేదట. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఇవాళ రెండో శనివారం కదా అన్న ఆలోచన. రిటైరై మూడేళ్లయినా ఆవిడకు రెండో శనివారం అంటే ఇల్లు కదిలే రోజే.

మర్నాడు చర్చిలో ఆరాధన అయ్యాక మట్టి చేశారు. నేనూ మా అత్తగారూ వెళ్లాం. పాస్టరు గారు ఆవిడ భక్తి గురించి, క్రమశిక్షణ గురించి, చదువు చెప్పిన పిల్లల గురించి చాలాసేపు మాట్లాడారు. అవన్నీ నిజమే. అయితే చుట్టుపక్కల ఎవరూ పనిగట్టుకుని వెళ్లని చోట్లన్నీ వెతుక్కుని మరీ చూసొచ్చిన మనిషని ఒక్కరూ అనలేదు. ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను కాపరానికి తిరువూరు వచ్చేటప్పటికే ఆవిడ పక్కింట్లో ఉన్నారు. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. యాభైకి దగ్గరపడ్డారు, పెళ్లి చేసుకోలేదు. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే "టైము దొరకలేదండి" అనేవారు, అదేదో కరెంటు బిల్లు కట్టడానికి దొరకనట్టు. అయిదు రోజులూ, మామూలు శనివారాలూ బడి. ఆదివారం చర్చి. రెండో శనివారం మాత్రం ఆవిడ సొంతం. ఆ రోజు మొదటి బస్సుకి గొడుగు, టిఫిన్ క్యారియరు, ఓ పాత దుప్పటి పట్టుకుని బయల్దేరేవారు. ఏ ఊరికి వెళ్లాలో ఎలా తేల్చుకుంటారంటే, కండక్టర్లని అడిగేవారు. "మీ రూట్లో బస్సు ఆగుతుంది గానీ పనుండి తప్ప ఎవరూ దిగని ఊరేదండీ?" అని. కండక్టర్లు మొదట నవ్వేవారు, తర్వాత వాళ్లే పిలిచి చెప్పేవారు.

మా ఊరి నుంచి జనం బస్సెక్కడానికి అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కారణాలు. హిందువులైతే తిరుపతి, కాదంటే బెజవాడ కనకదుర్గమ్మ. క్రైస్తవుల్లో కొందరు గుణదల, ఓపిక ఉంటే వేళాంగణి. ఎవరికైనా బంధువుల పెళ్లి. ఇవేవీ కాకుండా ఆడది సంచి పట్టుకుని బస్టాండులో నిలబడితే, మొగుడితో గొడవపడి పుట్టింటికి పోతోందనుకునేవారు. అలాంటి ఊళ్లో ఆవిడ ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి వెళ్లారు. పెడనలో బట్టల మీద అచ్చులు ఎలా అద్దుతారో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి చూశారు. ఘంటసాల వెళ్లి పాత దిబ్బల చుట్టూ తిరిగొచ్చారు. తోడు కావాలంటే గవర్నమెంటు ఆస్పత్రి నర్సమ్మ ఉండేది. ఇద్దరే ఉన్నా బస్సు దిగగానే టీచరు గారు "నంబర్లు చెప్పండి" అనేవారట. నర్సమ్మ "ఒకటి" అంటే ఆవిడ "రెండు" అని, అప్పుడు కదిలేవారు.

ఇంక నా సంగతి. మా అత్తగారి పుట్టిల్లు నెమలి అనే ఊరు, అక్కడి వేణుగోపాలస్వామి గుడి అర్చకుల ఇల్లు. మా ఆయన మండలాఫీసులో గుమాస్తా. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరు. దాంతో మా అత్తగారు నన్ను వెంటబెట్టుకుని గుళ్లు తిరగడం మొదలుపెట్టారు. నూటెనిమిది ప్రదక్షిణలు, తడిబట్టలతో పొర్లుదండాలు, ముడుపులు. నా కాళ్లకి తెలియని ధ్వజస్తంభం ఆ చుట్టుపక్కల లేదు. మేం వైష్ణవులం, అయినా ఆ పాటికి మా అత్తగారు దేవుళ్లలో పార్టీలు చూడటం మానేశారు. ఏ గుళ్లోకి వెళ్లినా ఆవిడ నా వెనక నిలబడి, పైకే మొక్కేవారు. "స్వామీ, వచ్చే ఏటికల్లా మా కోడలి కడుపు పండితే..." అని. ముందు నిలబడ్డ వాళ్లంతా వెనక్కి తిరిగి నా కడుపుకేసి చూసేవారు. ఆ చూపులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాకు పిల్లలు పుట్టలేదు. ఆ మాట ఇక్కడే చెప్పేస్తే మంచిది, చివర్లో పుడతారేమోనని ఎవరూ ఎదురుచూడక్కర్లేదు.

ఓ శుక్రవారం పెరట్లో వడియాలు పెడుతుంటే గోడ మీంచి టీచరు గారు పిలిచారు. "అమ్మాయ్, రేపు నర్సమ్మా నేనూ గుంటుపల్లి గుహలు చూడ్డానికి వెళ్తున్నాం, వస్తావా?"

"అత్తయ్య పంపరండి."

"అడిగావా?"

"లేదండి."

"అడక్కుండానే ఆన్సరు రాసేశావన్నమాట."

ఆ మాటకి రోషమొచ్చి వెళ్లి అడిగాను. అడగడం అంటే సరిగ్గా అడగలేదు. కొండ మీద గుహలో లింగం ఉందట, టీచరు గారి బడిలో పిల్లల తల్లులు చెప్పారట అన్నాను. అక్కడి స్తూపాన్ని ఊళ్లో వాళ్లు లింగమనే అంటారు కాబట్టి అది సగం నిజం. మిగతా సగం నా తెలివి. గుహలో లింగం అనేసరికి మా అత్తగారు మారుమాట్లాడకుండా పసుపూ కుంకుమా పొట్లం కట్టి ఇచ్చారు.

చింతలపూడి మీదుగా కామవరపుకోట, అక్కణ్ణించి ఆటో. కొండెక్కితే మేం ముగ్గురం తప్ప పిట్ట లేదు. రాతిని తొలిచి చేసిన గది, గుండ్రంగా, మధ్యలో నున్నటి స్తూపం. దాన్ని చూడగానే నా కాళ్లు వాటంతటవే ప్రదక్షిణ మొదలుపెట్టాయి. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాను.

"అమ్మాయ్, ఏం చేస్తున్నావ్?"

"మొక్కుకుంటున్నానండి."

"ఇది బుద్ధుడి వాళ్లది. కోరికలే వద్దన్న మనిషాయన. ఆయన్ని పట్టుకుని కోరికలు కోరతావేంటి?"

నర్సమ్మ ఫక్కున నవ్వింది. నేను ఓ క్షణం బిగబట్టి, తర్వాత నవ్వేశాను. ఆ గుహలో నా నవ్వు నాకే పెద్దగా వినిపించింది. బయటికొచ్చి, దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. కింద మామిడితోటలు. నర్సమ్మ అక్కడే ఓ కునుకు తీసింది. నాలుగు గంటలసేపు నన్నెవరూ ఏమీ అడగలేదు, నేను ఎవరినీ ఏమీ అడగలేదు. పెళ్లయ్యాక అలాంటి నాలుగు గంటలు అవే మొదలు.

తిరుగు ప్రయాణంలో చింతలపూడి బస్టాండులో నాకు గుర్తొచ్చింది. ప్రసాదం! క్షేత్రానికి వెళ్లొచ్చినవాళ్లు వీధిలో ఇంటింటికీ చిటికెడైనా ప్రసాదం పంచాలి. అది మా వీధిలో చెప్పక్కర్లేని పద్ధతి. మా అత్తగారు ఈపాటికి ఏడిళ్లలో చెప్పే ఉంటారు. టీచరు గారు బస్సు బోర్డులు చదువుతుండగా నేను మిఠాయికొట్టుకి వెళ్లి అర కేజీ లడ్డూలు కొన్నాను. బస్సులోనే చిదిపి, పొట్లంలో కుంకుమ కాస్త చల్లి, పైన ఓ అరటిపండు పెట్టాను. అంత అందంగా అబద్ధం చెప్పగలనని అప్పటిదాకా నాకూ తెలియదు.

ఇంటికి రాగానే మా అత్తగారు పొట్లం కళ్లకద్దుకుని, ముందు ఏడిళ్లకీ పంచి, ఆఖర్న తను నోట్లో వేసుకున్నారు. నమలడం ఆపారు. అర్చకుల ఇంట్లో పుట్టి, ప్రసాదం వండే పొయ్యి దగ్గర పెరిగిన మనిషి. "ఇది వనస్పతితో చేసింది" అన్నారు.

మర్నాడు టీచరు గారు చర్చి నుంచి రాగానే మా అత్తగారు గోడ దగ్గరికి పిలిచి అడిగారు. "టీచరమ్మా, నిన్న మీరెళ్లిన చోట ప్రసాదం ఏం పెడతారు?"

టీచరు గారు నాకేసి చూశారు. నేను వెనక నుంచి కళ్లతో బతిమాలాను. "ప్రసాదం ఉండదండీ పిన్నిగారూ. అక్కడ పూజారీ లేడు, పూజా లేదు. బౌద్ధుల గుహలు" అన్నారు ఆవిడ.

మా అత్తగారు నన్ను తిట్టలేదు. చెప్పులేసుకుని ఏడిళ్లకీ వెళ్లి, నిన్న ఇచ్చింది ప్రసాదం కాదు, మా కోడలు కొట్లో కొన్నది, క్షమించండి అని చెప్పొచ్చారు. గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు తల తీసేసినట్టయింది. తిరిగొచ్చి, "ఇంక నువ్వు గడప దాటితే నాతోనే" అన్నారు. మళ్లీ గుళ్లు, మళ్లీ ప్రదక్షిణలు. ఈసారి పాపపరిహారం కూడా కలిసింది.

టీచరు గారితో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆవిడ గోడ దగ్గరికి వస్తే నేను లోపలికి పోయేదాన్ని. ఓ రోజు పంపు దగ్గర ఎదురుపడితే ఆపుకోలేక అడిగేశాను. "ఒక్క అబద్ధం చెప్తే మీ సొమ్మేం పోయేదండీ?"

"నేను అబద్ధం చెప్తే, వచ్చే నెల నువ్వు ఇంకోటి చెప్పుకోవాలి అమ్మాయ్. ఎన్నాళ్లు దొంగతనంగా తిరుగుతావ్?" అన్నారు. బిందె ఎత్తుకుని వెళ్లబోయి ఆగి, "కానీ తప్పు నాదీ ఉందిలే" అన్నారు. ఏం తప్పో చెప్పలేదు.

అది మర్నాడు సాయంత్రం తెలిసింది. ఆవిడే మా ఇంటికొచ్చారు. మా ఇంట్లో ఆవిడకి వేరే గ్లాసు ఉండేది, వసారా కిటికీలో. ఆవిడకి ఆ సంగతి తెలుసు. కాఫీ తాగి, కడిగి, అక్కడే బోర్లించి వెళ్లేవారు. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగానే ఉంది. ఆ రోజు కాఫీ తాగి, "పిన్నిగారూ, మీ కోడల్ని మీకు చెప్పకుండా గోడ మీంచి పిలవడం నాది తప్పే" అన్నారు. "ఈసారి మిమ్మల్నే పిలుద్దామని వచ్చాను. హంసలదీవి. అక్కడా వేణుగోపాలస్వామే, మీ నెమలిలో ఉన్నట్టు. ప్రసాదం అసలుదో కాదో మీరే చూసుకోవచ్చు."

మా అత్తగారు చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరారు. "నాకు కిటికీ పక్కన సీటు కావాలి" అన్నారు చివరికి.

నర్సమ్మకి డ్యూటీ పడటంతో మేం ముగ్గురమే తెల్లవారుజామున బయల్దేరి మూడు బస్సులు, ఒక ఆటో మారాం. దిగిన ప్రతిచోటా నంబర్లు చెప్పాం. మా అత్తగారు మొదటిసారి బిక్కమొహం వేశారు. అవనిగడ్డకి వచ్చేసరికి అందరికంటే ముందే "ఒకటి" అనేశారు. గుళ్లో దర్శనమయ్యాక అర్చకుడు ఆకులో చక్రపొంగలి పెట్టాడు. అత్తగారు కళ్లు మూసుకుని తిని, తలాడించారు. బయట అరుగు మీద కూర్చున్న టీచరు గారికి ఓ ఆకు తీసుకెళ్లి ఇచ్చారు.

"ప్రసాదంగా అయితే నేను తినను పిన్నిగారూ. మీరు పెట్టిన పొంగలిగా తింటాను" అన్నారు టీచరు గారు.

మా అత్తగారు ఆకు ఆవిడ ముందుకి జరిపి, "అలాగే తినండి. నెయ్యి మాత్రం బాగుంది" అన్నారు.

అక్కణ్ణించి ఆటోలో సముద్రం దగ్గరికి. మా అత్తగారు అంతకుముందు సముద్రం చూశారు, మాఘ పౌర్ణమికి బందరు దగ్గర, అంత జనంలో నా చెయ్యి పట్టుకుని. ఆ రోజు మాకు నీళ్ల కంటే మనుషులే ఎక్కువ కనిపించారు. ఇక్కడ దూరంగా ఓ పడవ తప్ప ఏమీ లేదు. టీచరు గారు మా చెప్పులు తీసుకుని, "మూడున్నరకల్లా ఆటో ఎక్కాలి, అవనిగడ్డ బస్సు తప్పితే ఇంక బస్సు లేదు" అని గట్టిగా చెప్పారు. బస్సు విషయంలో ఆవిడ ఎవరి మాటా వినేవారు కాదు.

ఇద్దరం మోకాళ్ల లోతుకి దిగాం. అత్తగారు దోసిట్లోకి నీళ్లు తీసుకుని తూర్పుకి తిరిగారు. ఇప్పుడొస్తుంది ఆ పాత మొక్కు అనుకున్నాను. నాకు అక్షరం అక్షరం కంఠతా వచ్చు. అలవాటు చొప్పున తల దించుకున్నాను.

ఏమీ వినపడలేదు. తలెత్తితే ఆవిడ దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి. ఆవిడ సముద్రంకేసి కాదు, నాకేసి చూస్తున్నారు. ఆవిడ అలా చూడటం నాకు అప్పటిదాకా తెలియదు.

"నీకేం కావాలే?" అన్నారు.

నాలుగేళ్లలో ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. పిల్లలు అనాలేమో అనిపించింది. కానీ ఆ క్షణంలో నాకు కావలసింది అది కాదు.

"ఇంకాసేపు ఇక్కడే ఉందాం అత్తయ్యా."

ఆవిడ ఊఁ అన్నారు. నా మోచెయ్యి పట్టుకుని మరో రెండడుగులు లోపలికి వేశారు. చీర కుచ్చెళ్లు తడిసిపోతున్నా పట్టించుకోలేదు. నేను ఒడ్డుకేసి తిరిగి చూశాను. టీచరు గారు గడియారం చూసుకున్నారు. మా ఇద్దరినీ చూశారు. పిలవడానికి ఎత్తిన చెయ్యి దించేసి, మూడు జతల చెప్పులూ పక్కన పేర్చుకుని, నిదానంగా ఇసకలో కూర్చున్నారు.