ఒక గిన్నెకు ఒకే పేరు

మా మిద్దె మీది పాప చనిపోయింది. మంగళవారం పొద్దున వాళ్ల తమ్ముడు వేలూరు ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. నేను ఆమె అంబలి కోసమే రాగులు కడిగి గుడ్డ మీద ఆరబోస్తున్నాను. "పెద్దమ్మా, అక్క లేదు" అన్నాడు. "ఆడే యాడన్నా ఉంటాది, సరిగ్గా సూడు నాయనా" అన్నాను. ఫోనులో అతని ఏడుపు వినబడింది. అప్పుడు అర్థమైంది. రాగుల్ని ఎండలోనే వదిలేసి లోపలికి వచ్చి కూర్చున్నాను. పిచ్చుకలు తిని పోయాయి.

పాప అంటే చిన్నపిల్ల కాదు, నలభై దాటిన మనిషి. మా వైపు మాకంటే చిన్న ఆడవాళ్లందరూ మాకు పాపలే. పేరు మాత్రం ఇక్కడ చెప్పను. అది ఉండవలసిన చోట ఉంది.

ఆమె మా ఇంట్లో అద్దెకు దిగింది రైలు కోసం. పాకాలలో ఎక్కితే కాట్పాడిలో దిగవచ్చు, అక్కడి నుంచి వేలూరు దగ్గరే. జబ్బు సంగతి దాచకుండా ముందే చెప్పి, "ఇల్లు ఇస్తావా పెద్దమ్మా?" అని అడిగింది. నాకు పుట్టుకతోనే దిగులు ఎక్కువ. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరికి పోయి కూడా వెనక్కి వచ్చేదాన్ని. జబ్బు మనిషి పైన ఉంటే నాకు కంటి మీద కునుకు ఉండదని తెలుసు. అయినా ఆమె మొహం చూసి వద్దనలేకపోయాను. మంచి పని చేశాను.

ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు పని చేసేది. ఏం పని అని అడిగితే, "పాలు చల్లబెట్టే కేంద్రాలు ఉండాయి కదా పెద్దమ్మా, ఆడ ట్యాంకుల్లో ఏది చెడిపోయిందో రిపేరు వాళ్లకు చూపించే తెర చేస్తా ఉండా" అంది. పాల సంగతి నాకు తెలుసు. తెర సంగతి తెలియలేదు. తలూపి ఊరుకున్నాను.

అది తెలిసింది గిన్నెల వల్ల.

మా వీధిలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా పెద్ద గిన్నెలు ఇంటింటి నుంచి వస్తాయి. ప్రతి గిన్నె మీదా కొన్ననాడే కొట్టించిన పేరు ఉంటుంది. వంటల హడావిడిలో ఆ సన్నక్షరాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని అడుగున రంగు చుక్క పెడతాం. ఎర్రది ఒక ఇంటిది, నీలం ఇంకో ఇంటిది, ఏది ఎవరిదో మనసులోనే పెట్టుకుంటాం. మా మనవరాలికి పేరు పెట్టిన రోజూ అలాగే పెట్టాం. కానీ అంతకుముందు వీధిలో జరిగిన పెళ్లికి పెట్టిన చుక్కలు ఇంకా పోలేదు. అప్పుడు ఎర్రచుక్క ఒకరిది, ఇప్పుడు మరొకరిది. గిన్నెలన్నీ తారుమారై ఇళ్లకు చేరాయి. మర్నాడు అవన్నీ మళ్లీ మా వాకిట్లోకే తిరిగొచ్చాయి. వాటి వెనకే ఎదురింటామె వచ్చి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏమక్కా, మా పప్పుగిన్నెకు బొట్టు పెట్టి పక్కింటికి కాపురానికి పంపినావంట? సారె కూడా పెట్టినావా, ఒట్టి చేతులతో సాగనంపినావా?"

మెట్ల మీద నుంచి నవ్వు వినబడింది. పాప. అంతదాకా ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. గోడకు వేళ్లు ఆనించి నెమ్మదిగా దిగి వచ్చి గిన్నెల ముందు కూర్చుంది. "మా ఆఫీసులో నేను కొట్లాడతా ఉండేది దీని గురించే పెద్దమ్మా" అంది.

అప్పుడు విడమరచి చెప్పింది. ప్రతి ట్యాంకుకూ ఒక అంకె ఉంటుందట. ఏ అంకెకు ఏ పేరో, కిటికీ పక్కదో తలుపు పక్కదో, కేంద్రంలోని పెద్ద మిషనుకు తెలుసు. అయితే రిపేరు వాళ్లు చూసే తెరలో, తొందరగా కనబడాలని, ఎవరో అవే పేర్లు మళ్లీ రాసి పెట్టారు. ఒక కేంద్రంలో ట్యాంకుల చోటు మార్చినప్పుడు మిషనులో పేర్లు మార్చారు, తెరలో మార్చడం మరిచారు. కిటికీ పక్క ట్యాంకు చెడిందని తెర చూపిస్తే మనుషులు దాన్ని విప్పి కూర్చున్నారు. నిజంగా చెడింది తలుపు పక్కది. ఊళ్లో ఆడవాళ్లు తెల్లవారుతూనే పితికి తెచ్చి పోసిన పాలు అందులో విరిగిపోయాయి.

"ఆ రెండోది కూడా సరిచేస్తే పోలా?" అన్నాను.

"మా సారూ నీ మాదిరే అంటాడు. ఈ పొద్దు రెండూ సరిచేస్తాం. రేపు ఒకటి మారుస్తాం, రెండోది మరిచిపోతాం. పేరు ఒక్క చోటే ఉండాల పెద్దమ్మా. తెర సొంతంగా ఏమీ గుర్తుపెట్టుకోకూడదు, మిషన్ను అడిగి చెప్పాల. రెండో చోట రాసింది ఈ పొద్దు సాయం, రేపు అబద్ధం."

ఎదురింటామె అంతా విని, "అయితే నా గిన్నె దొరికినట్టేనా?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత కిరసనాయిలు గుడ్డతో చుక్కలన్నీ తుడిచేశాం. నాకు చదువు తక్కువ, చూపు కూడా ఆనదు. పాప నా వేలు పట్టుకుని ప్రతి గిన్నె మీద కొట్టిన అక్షరాల మీద తిప్పింది. కంటికి తెలియనిది వేలికి తెలుస్తుందని చూపించింది.

అప్పటి నుంచి పాప పేరు కొట్టిన గిన్నె ఒకటి కిందికీ పైకీ తిరిగేది. మందుల వల్ల ఆమెకు ఏదీ సయించేది కాదు, అంబలి ఒక్కటే దిగేది. నేను అంబలి పోసి పంపితే, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఆమె నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపేది. ఆమె రైలెక్కిన రోజున నేను వాకిట్లోనే తిరుగుతుంటే కోప్పడేది. "దిగులు కూడా ఒక్కరి దగ్గరే ఉండాల. రైలు గురించి నేను పడతా, నువ్వు అంబలి గురించి పడు. ఇద్దరూ ఒకదానికే పడితే అదీ రెండుసార్లు రాసినట్టే."

రాను రాను మెట్లు ఎక్కడానికి మధ్యలో కూర్చోవలసి వచ్చేది. అయినా పని మానలేదు. ఒక మధ్యాహ్నం అంబలి తీసుకుని పైకి వెళ్తే ఫోనులో అంటోంది: "లేదు సార్, నేను సెలవు పెట్టను. ఆ రెండో పేర్లు తీసేసినాకే పెడతా." నాకు ఒళ్లు మండింది.

"ఒంట్లో రగతం లేదు, కూర్చుంటే ఆయాసం. ఆ తెర నీకు కూడు పెడతాదామ్మే? ఇంకెవరన్నా చేస్తారులే, పడుకో" అని అరిచాను.

ఆమె గిన్నె అందుకుని ఒళ్లో పెట్టుకుంది. "ఇప్పుడు తెరలో తేడా వస్తే నాకు ఫోను చేసి అడుగుతారు పెద్దమ్మా. యాడ తప్పుందో నాకు తెలుసు. నేను లేకపోతే ఎవర్ని అడుగుతారు? తెర చెప్పిందే నిజమనుకుంటారు" అంది. ఆమె అంబలి తాగేదాకా అక్కడే కూర్చున్నాను.

చివరిసారి రైలుకు వెళ్లేటప్పుడు గిన్నె నా దగ్గరే ఉంది. "వచ్చినాక తీసుకుంటాలే" అంది. పని అయిందా అని అడగాలనుకుని, ఆయాసపడుతోందని అడగలేదు.

ఆమె పోయాక నాకు అదే దిగులు పట్టుకుంది. అంత కష్టపడి కూర్చుంది, అయిందో కాలేదో. ఆ రెండో పేర్లు ఇంకా అక్కడే ఉన్నాయో ఏమో. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

కర్మ అయిన మర్నాడు తమ్ముడితో పాటు ఆమెతో పనిచేసినతను వచ్చాడు, ఆఫీసు కంప్యూటరు తీసుకుపోవడానికి. కాఫీ ఇచ్చి, అతను తాగేదాకా ఆగలేక అడిగేశాను. అతను గ్లాసు కింద పెట్టాడు.

"అక్క ఆసుపత్రికి పొయ్యే ముందు రోజే ముగించేసింది అవ్వా. తెరలో ఇప్పుడు ఒక్క పేరు కూడా లేదు, అన్నీ మిషన్ను అడిగే చెప్తాది. మిషనుకే తెలీకుంటే ఒట్టి అంకె చూపించి, పేరు తెలీదంటాది. అబద్ధం చెప్పదు. మొన్న ఒక ట్యాంకు చెడితే మావాళ్లు నేరుగా దాని దగ్గరికే పోయినారు. పాలు దక్కినాయి."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తమ్ముడు తల దించుకున్నాడు.

వాళ్లు సామాను దించుతుంటే గిన్నె కడిగి తెచ్చి ఇవ్వబోయాను. "నీ దగ్గరే ఉండనీ పెద్దమ్మా, అక్క ఉంటే అదే అనేది" అన్నాడు తమ్ముడు. చూడ్డానికి వచ్చిన ఎదురింటామె మెల్లగా, "ఇంక నీదే కదక్కా. మీ గిన్నెల్లో కలిసిపోకుండా నీ పేరు కూడా కొట్టించుకోరాదా?" అంది.

"వద్దులే" అన్నాను.

గిన్నెను వంటింటి అలమరలో పెట్టాను. ఖాళీగా పెట్టడానికి మనసొప్పక పిడికెడు రాగిపిండి పోసి మూత వేశాను. మెట్ల పక్క గోడ మీద ఆమె వేళ్లు ఆనిన చోట సున్నం అరిగి సన్నటి జాడ ఉంది. కాట్పాడి బండి కూత వినబడితే నేను అలమర దగ్గరికి వెళ్తాను. గిన్నె అంచు వెంబడి వేలు జరుపుతాను. పేరు మొదలయ్యే చోట వేలు ఆగుతుంది.