మామ శ్రుతి దిగిన సాయంత్రం

మా అపార్ట్‌మెంటు లిఫ్టు తలుపు సరిగా పడకపోతే పాట అందుకుంటుంది. అది పాడటం మీద నాకు అభ్యంతరం లేదు. వోల్టేజి తగ్గిన రోజు శ్రుతి కూడా తగ్గించి పాడుతుంది, అదే బాధ. మూడో అంతస్తు వాళ్ళు ఫిర్యాదు చేశారు. నేను మాత్రం నిన్న కూరగాయల సంచీతో అందులో నిలబడి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. కర్నూలులో మా మేనమామ గుర్తొచ్చాడు.

మామకు బట్టల అంగడి. అంతకుముందు, అంటే ప్యాంట్ల అంచులు రోడ్లు ఊడ్చిన కాలంలో, ఆయనకొక ఆర్కెస్ట్రా ఉండేది. పాట ఆయనది, ఎలక్ట్రిక్ గిటారు ఒక మిత్రుడిది, హార్మోనియం ఇంకొకాయనది. వినాయక చవితి పందిళ్ళలో జుట్టు ఊపుతూ పాడేవారట. మా అత్త మామను మొదట చూసింది, విన్నది కూడా, అలాంటి పందిరి ముందే. తర్వాత గిటారు ప్రొద్దుటూరు బంగారం అంగడికి, హార్మోనియం ఎరువుల వ్యాపారానికి వెళ్ళిపోయాయి. రెండువేల సంవత్సరం దాటాక ఒక చవితికి, ముగ్గురూ కలిసి మళ్ళీ పాడమని బజారువాళ్ళు అడిగారు. అప్పటికి మామకు జుట్టు లేదు, బీపీ ఉంది. నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం వెతుకుతున్నానని చెబుతూ అంగడిలోనే కూర్చునేవాణ్ణి కాబట్టి చర్చంతా విన్నాను. "వయసైనోళ్ళు మర్యాదగా కూకోవల్లప్పా, ఎగురుతారా?" అన్నాడు పక్కంగడి ఉప్పు వ్యాపారి. "బనగానపల్లె మామిడిచెట్టు వయసైతే కాయదా?" అన్నాడు మామ. "కాస్తాది. ఎగరదు."

మామ పట్టుదల వేరు. ఏ పాట విని అత్త పెండ్లికి ఒప్పుకుందో ఆ పాటే, ఆ ఎత్తులోనే, ఆమెకు ఇంకోసారి వినిపించాలి. అందుకు రోజూ మిరియాల కషాయం తాగాడు. పాట చివర గొంతు పైకెక్కే చోటు ఒకటుంది, బీపీ కూడా దాంతోపాటే ఎక్కుతుందని అత్త భయం. గిటారాయనను ఒకసారి, హార్మోనియం ఆయనను ఒకసారి చాటుగా పిలిచి, "అన్నా, కొంచెం శ్రుతి దించండి. ఆయనకు తెలీనీకండి" అంది. స్నేహితుడి పరువు కదా, వాళ్ళిద్దరూ ఒకరికొకరు కూడా చెప్పుకోలేదు.

ఆ సాయంత్రం గిటారు ఒక మెట్టు కింద మొదలైంది. హార్మోనియం ఆయన కొత్తగా కొన్న కీబోర్డు రెండు మెట్ల కింద వచ్చి కలిసింది. పక్కవాళ్ళు వాయించేది వినే అలవాటు లేని మామ పాత ఎత్తులోనే అందుకున్నాడు. వినాయకుడికి చెవులు పెద్దవి. ఆ పూట నాకు ఆయన మీద జాలేసింది. మామ పాట ఆపి మైకులోనే అడిగాడు, "ఎవడప్పా దించింది?" ఇద్దరూ చేతులెత్తారు. ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని, "నువ్వు గూడానా?" అనుకున్నారు. "నీ గొంతు కోసమే లేప్పా" అన్నాడు గిటారాయన. జనం నవ్వారు. మామ అత్త వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుంటూ శ్రద్ధగా వినాయకుణ్ణి చూస్తోంది. "సరే, నేనే దిగుతా పదండి" అన్నాడు. మామ దేనికైనా దిగడం నేను చూసింది అదొక్కసారే. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ముగ్గురూ ఒకేచోట ఉన్నారు. చివర్లో, ఆ పైకెక్కే చోట, గొంతు కొంచెం పగిలింది. అయినా ఈలలు పడ్డాయి. పక్కన ప్రసాదం పంచుతున్నా ఎవరూ లేవలేదు.

ఇంటికి బయల్దేరుతూ మామ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఇదేం పాట! ఆ కాలంలో ఐతే ఆ చోట నా గొంతు గంట మాదిరి మోగుతాండె" అన్నాడు. పాతకాలపు గొంతుకు ఒక సుఖం ఉంది, పాడకుండానే ఏటేటా మెరుగవుతుంది.

అత్త చెప్పులు వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే అంది, "యాడ మోగె? నేను పెండ్లికి ముందు ఇన్న పొద్దు గూడా ఆడనే పగిలింది."