అద్దాల బీరువాలో ఇనప పళ్ళు

ఏళ్ళ తరబడి దీన్ని మోశాను. ఇక నా వల్ల కాదు. మీరు నన్ను ఓదార్చనక్కర్లేదు, వింటే చాలు.

వట్లూరు వైపు ఒక కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. పాత వస్తువులతో అక్కడ ఒక గది ఏర్పాటు చేశాం. ఏలూరులో పాత ఇనప సామాను కొట్టులో దొరికిన ఒక పనిముట్టును నేనే తెచ్చిపెట్టాను. చెక్క పిడి, దాని ముందు దట్టంగా ఇనప పళ్ళు. ఏమిటో నాకు తెలియదు. తెలియదని రాస్తే నా సొమ్మేం పోయేది? ఆ రోజుల్లో ఆ మాట నా నోట వచ్చేది కాదు. 'జమీందారుల గుర్రాల జూలు దువ్వే దువ్వెన' అని కార్డు రాసి, కింద 'గుర్తించినది' అంటూ నా పేరు పెట్టుకుని, రెండింటినీ అద్దాల బీరువాలో ఉంచాను.

గది ప్రారంభానికి ఒక ఆఫీసరుగారు వచ్చారు. ఏలూరు తివాచీలు నేసేవాళ్ళు తగ్గిపోతున్నారనీ, పని తెలిసినవాళ్ళు దొరికితే ఆడపిల్లలకు నేర్పే ఉద్యోగం ఇస్తామనీ అన్నారు. గదులు ఊడ్చే ఆయమ్మ చీపురు గోడకు ఆనించి ముందుకొచ్చింది.

"ఏవండీ, అది దువ్వెన కాదండీ. తివాచీకి ఒక్కో వరస ముడులేశాక దీంతో కిందికి దిగగొడతామండీ. మా పుట్టింట్లో నేనూ నేశానండీ."

ఆఫీసరుగారు నా వైపు తిరిగారు. "ఏమంటారు మాస్టారూ?"

అప్పటికే ఆమె దాన్ని బీరువాలోంచి చేతిలోకి తీసుకుంది. పిడి మీద ఒకచోట గుంట ఉంది, అదెందుకో నాకు అంతవరకూ అంతుపట్టలేదు. ఆమె బొటనవేలు చూడకుండానే వెళ్ళి అందులో కుదురుకుంది. మణికట్టు రెండుసార్లు కిందికి ఆడింది. అంతే, నాకు తెలిసిపోయింది. పొరపాటు పడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను గానీ, అది పొరపాటా? ఆమె చెయ్యి చూశాక కూడానా?

"ఆయమ్మకేం తెలుసండీ, పుస్తకాల్లో స్పష్టంగా ఉంటేనూ!" అన్నాను.

ఏ పుస్తకం? ఎక్కడుంది? అందరూ నవ్వారు. ఆమె "సరేనండీ" అని దాన్ని బీరువాలో పెట్టి, మళ్ళీ చీపురు అందుకుంది. ఆఫీసరుగారు ఆమెతో ఉద్యోగం మాట ఎత్తకుండానే టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆ బీరువా అద్దం ఆమే తుడిచింది. లోపల నా కార్డు అలాగే ఉంది. ఎదురుపడితే "నమస్కారమండీ మాస్టారూ" అనేది. తిట్టినా బాగుండేది. రేపు పిలిచి చెబుదాంలే అనుకుంటూ, ఆ రేపును ఎంతకాలం సాగదీశానో. ఒక ఏడు మోకాళ్ళ నొప్పులతో ఆమె మానేసింది. ఎక్కడికి వెళ్ళిందో నేను వాకబు చేయలేదు. నేనూ రిటైరయ్యాను.

మొన్న కాలేజీ నుంచి ఫోన్ చేశారు. కార్డులు కొత్తవి వేయిస్తున్నారట, నావాటిలో ఏమైనా మార్చాలా అని అడిగారు. కాగితం తీసుకుని 'తివాచీ ముడులు దిగగొట్టే పనిముట్టు' అని రాశాను. 'గుర్తించినది' దగ్గర పెన్ను ఆగిపోయింది.

ఛీ, ఏం బతుకు! అన్నేళ్ళు ఒకే వరండాలో తిరిగాం. ఆమె పేరేమిటో నాకు తెలియదు.

'గుర్తించినది: మా గదులు ఊడ్చిన ఆయమ్మ. ఆమె నిజం చెబితే నేను అబద్ధం ఆడాను. ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు' అని రాసి, కింద సంతకం పెట్టాను.