పడలేదంటే పడలేదు

ఎదురుగా ఏది జరుగుతున్నా నోరు మూసుకొని చూడడం గంగాధరప్పకు చేతకాదు. ధర్మవరంలో పట్టు దారాలకు రంగులద్దే పని ఆయనది. చేతులు రంగు తొట్టిలో ఉంటాయి, కళ్ళు వీధిలో ఉంటాయి, నోరు ఊరంతా ఉంటుంది. "అదో, చౌడక్క కడవ దించింది. నడుము పట్టుకునింది. మళ్ళీ ఎత్తుకుంటాండాది" అని చెబుతూనే ఉంటాడు. వినేవాళ్ళు ఉన్నారా లేదా అన్నది ఆయనకు అనవసరం. ఒక పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు "ఒక ముడి పడె. రెండోది జారె. పెండ్లికొడుకు చేతులు వణుకుతాండాయి" అన్నాడు. దాంతో ఆ కుర్రవాడు నిజంగానే వణికిపోయి, మూడో ముడి తన కండువాకు వేసుకున్నాడు.

1959లో మా టూరింగ్ టాకీసు ధర్మవరంలో డేరా వేసింది. మిషను తిప్పేవాణ్ణి నేను. సినిమాకు ముందు వేసే న్యూస్ రీలు మా దగ్గర ఒక్కటే ఉండేది. పంపినవాళ్ళు తిరిగి అడగలేదు, మేమూ గుర్తు చేయలేదు. అందులో ఏదో చలిదేశంలో ఒక అమ్మాయి మంచుగడ్డ మీద జారుతూ నాట్యం చేస్తుంది. వెనక ఒక దొర ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి, నిద్రపోయాడేమో అనిపించేంతసేపు ఊరుకుంటాడు. రెండో రోజే జనం గోల చేశారు. మా ఓనరు తిమ్మప్ప దొర గొంతు తగ్గించమని నాకు చెప్పి, మైకు తెచ్చి గంగాధరప్ప చేతిలో పెట్టాడు.

"ఈయమ్మ కాళ్ళకు కూరలు తరిగే ఈలపీటలు కట్టుకొని నీళ్ళ మీద పోతాండాది" అని ఆయన మొదలుపెట్టాడు.

"నీళ్ళు గట్టిగా ఎట్లుంటాయప్పా?" అని ముందు నుంచి ఎవరో అడిగారు.

"వాళ్ళకు నీళ్ళు మిగిలిపోతాయి. రాత్రి మిగిలిన సంగటి పొద్దునకు గట్టిపడదా? అట్లనే."

నీళ్ళు మిగలడం మా జిల్లాలో ఎవరూ చూసి ఎరగరు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

రీలు నలుపు తెలుపు. అయినా గౌను రంగు చెప్పనిదే ఆయనకు తృప్తి లేదు. ఒక రోజు "మామిడిపండు రంగు, నెమలికంఠం అంచు" అంటాడు. మరునాడు అదే గౌను వంకాయ రంగు. ఆడవాళ్ళు అంగళ్ళకు వెళ్ళి "ఆ జారే పిల్ల రంగు చీర" అడగడం, అది ఏ రోజు రంగో తేలక షావుకార్లతో కొట్లాడడం మామూలైపోయింది. రీలు చివర్లో మార్కులేస్తూ పలకల మీద అంకెలు ఎత్తి చూపే ముసలివాళ్ళు ఆ పిల్ల మేనమామలట. "వాళ్ళల్లో వాళ్ళకు మాటల్లేవు. అందుకే ఒకని అంకె ఇంకొకనికి కలవదు" అనేవాడు.

రోజుకొక కథ చెప్పే మనిషి ఒక్క చోట మాత్రం మొండికేసేవాడు. ఆట నడుమ ఆ అమ్మాయి ఎగిరి, దబ్బున కింద పడి, మళ్ళీ లేచి ఆడుతుంది. డేరాలో ప్రతి కంటికీ కనిపిస్తుంది. గంగాధరప్ప ఒప్పుకోడు. "కూచునింది. చీమ అడ్డమొచ్చింది, దానికి దోవ ఇడుస్తాండాది" అంటాడు. ఇంకో రోజు "ఈలపీటకు పదును పోయిందేమో చూసుకుంటాండాది" అంటాడు. జనం పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్ళు.

హైస్కూలు అయ్యవారు రామాంజనేయులుకు ఇంగ్లీషు వచ్చు. ఒక రోజు లేచి నిలబడి, "అబద్ధాలు చెప్పొద్దప్పా. ఆ అమ్మాయి పడింది. దొర కూడా అదే చెప్తాండాడు" అన్నాడు.

"దొరదేముంది సార్. ఆయప్ప ఒక తూరి చూసి చెప్పినాడు. నేను నెలన్నరగా దినామూ చూస్తాండా."

అయ్యవారు కూర్చున్నాడు. నాకు మాత్రం ఓపిక నశించింది. రీలు చుడుతూ అడిగేశాను. "పడిందని ఒక్క తూరి అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

గంగాధరప్ప ఆడవాళ్ళు కూర్చునే వైపు కట్టిన అడ్డతెర చూపించి గొంతు తగ్గించాడు. ఆయనకు గొంతు తగ్గించడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. "ఆడ మా ఈశ్వరి కూచుంటాదప్పా" అన్నాడు.

ఈశ్వరి వాళ్ళ వీధిలో మగ్గం నేసే పిల్ల. నాటకంలో పద్యం ఎత్తుకుంటే వినేవాళ్ళు ఆకలి మరిచిపోయేవాళ్ళు. అంతకు ముందు ఏడాది పెనుకొండలో రాణి వేషం వేసి, కుచ్చెళ్ళు కాలికి చుట్టుకొని హార్మోనియం మీద బోర్లా పడింది. ఆ రోజు జనం నవ్విన నవ్వుకు మళ్ళీ నాటకం జోలికి పోలేదు. ఇప్పుడు హిందూపురం నాటక సమాజం వాళ్ళు అదే వేషానికి పిలిచారు. ఈసారి కాదంటే ఇంకెవరూ పిలవరు.

"దినామూ వచ్చి, రీలు అయిపోతూనే ఎళ్ళిపోతాది. సినిమా కూడా చూడదు. ఆ తెల్లపిల్ల లేచేది చూసేదానికే వస్తాది" అన్నాడు గంగాధరప్ప. "ఆ నిమిషంలో జనం ఆ పిల్లను చూసి నవ్వితే ఈశ్వరి హిందూపురం పోతాదా? అందుకే ఆ నవ్వు నా మీదికి తిప్పుకుంటాండా."

వాగుడుకాయ అని ఇన్నాళ్ళూ తిట్టుకున్న మనిషి మీద నాకు ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే దాన్ని కూడా మైకులో చెబుతాడు.

చివరికి ఈశ్వరి ఒప్పుకుంది. మేమిద్దరం హిందూపురం వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాం. ఆయన నోరు ఖాళీగా ఉండకుండా శెనక్కాయలు అందిస్తూ వచ్చాను. మొదటి రంగం బాగా నడిచింది. రెండో రంగంలో సింహాసనం దిగుతూ ఈశ్వరి దబ్బున పడింది. కిరీటం దొర్లుకుంటూ దీపాల దాకా వచ్చింది. నవ్వడానికి జనమంతా గుండెల నిండా గాలి పట్టారు.

"ఏదో ఒకటి చెప్పప్పా" అని గంగాధరప్పను పొడిచాను. ఆయన నోరు తెరిచాడు. శెనక్కాయలు రాలాయి గానీ మాట రాలేదు.

ఈశ్వరి లేవలేదు. కిందనే కాళ్ళు మడుచుకొని, కొంగు సర్దుకొని, "మంత్రివర్యా, నేటి సభ నేలమీదనే జరుగును. మీరునూ కూర్చొనుడు" అంది.

మంత్రి వేషం యల్లప్ప బిత్తరపోయి కూర్చున్నాడు. సేనాపతి కూర్చున్నాడు. భటులు ఎటూ తోచక ఈటెలతో సహా కూర్చున్నారు. యుద్ధం ప్రకటించడానికి వచ్చిన శత్రురాజు దూత అందరినీ చూసి, చెప్పులు విడిచి, ఓ మూల కూర్చున్నాడు. పందిరంతా నవ్వుతో ఊగిపోయింది. ఆ నవ్వులోనుంచే ఈశ్వరి పద్యం ఎత్తుకుంది. పద్యం ముగిసేసరికి జనం వన్స్‌మోర్ కొట్టారు.

గంగాధరప్ప కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఇప్పుడు చెప్పు, కూచునిందా?" అని ఆటపట్టించాను.

"కూచునేదేందప్పా, పడింది" అన్నాడు. వెనక్కి తిరిగి, నాలుగు వరుసలకు వినిపించేటట్లు చెప్పాడు. "మా ధర్మవరం పిల్లప్పా. ఎంత బాగా పడిందో చూసినారు కదా."