అంబాసిడర్‌లో అక్క గొంతు

మొన్న తాడేపల్లిగూడెంలో బంధువుల పెళ్ళి చూసుకుని, ఏలూరు బస్సు కోసం బస్టాండులో కూర్చున్నప్పుడు ఎదురుగా ఒక కారు వచ్చి ఆగింది. అద్దాలన్నీ మూసే ఉన్నాయి గానీ లోపల మోగుతున్న పాటకి నేను కూర్చున్న సిమెంటు బల్ల సన్నగా అదురుతోంది. పక్కనున్న పెద్దాయన "ఏం పిల్లలండీ బాబూ, గుండె ఆగిపోయేలా" అని విసుక్కున్నారు. ఆయన ఈడువాణ్ణే నేనూ, విసుగు రావలసింది. రాలేదు సరికదా, జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

మా నాన్నగారు అంబాసిడర్ కారు పెట్టుకుని ఏలూరు నుంచి చింతలపూడికీ, జంగారెడ్డిగూడేనికీ బేరాలు తోలేవారు. ఆ కార్లలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పెళ్ళిళ్ళకి తరలివెళ్ళిన మన ఈడువాళ్ళకి ఆ సీటు వాసన కూడా గుర్తుండే ఉంటుంది. మా అక్క తాడేపల్లిగూడెంలో టీచరుగా ఉంటూ, అక్కడి చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది. పెళ్ళి మాటలు నడుస్తుండగానే కామెర్లు వచ్చి, నాటు మందు, ఆస్పత్రి మందు రెండూ వాడినా దక్కలేదు. మాకు మిగిలింది ఒక క్యాసెట్టు; పిల్లలకి వినిపించడానికి తను పాడి రికార్డు చేసుకున్నది.

ఆ క్యాసెట్టు ఇంట్లో పెడితే అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. అందుకని నాన్నగారు కారులోనే, బేరం దింపి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వినేవారు. కొన్నాళ్ళకి ఆయనకి వినికిడి తగ్గసాగింది. నరం చచ్చుబడుతోంది, ఇక తిరిగి రాదన్నారు డాక్టరుగారు. చెవి మిషను పెట్టుకుంటే ఆయనకి ఒకటే హోరు. బేరాలు మానేసి, కారు మాత్రం అమ్మనన్నారు. అప్పుడు నేను ఏలూరులో కార్లకి కరెంటు పని చేసే ఒక మేస్త్రిగారి దగ్గర చేస్తున్నాను. ఒకరోజు నాన్నగారు షెడ్డుకి వచ్చి, తనకి వినబడదు కనుక అందరికీ వినబడేలా గట్టిగా, "ఒరే, అది పాడుతుంటే నాకు గొణిగినట్టుంటోందిరా. పెద్దగా పెట్టి ఇవ్వగలవా?" అన్నారు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

పెద్ద స్పీకర్లు, వాటికి బలమిచ్చే యాంప్లిఫయరు తెచ్చి బిగించాను. పాట పెద్దదయిన చోటల్లా హెడ్‌లైట్లు మసకబారేవి, కాసేపటికి బ్యాటరీ దిగిపోయేది. "పాట సంగతి తర్వాతయ్యా, ముందు కరెంటు పుట్టే చోటు చూడు" అన్నారు మేస్త్రిగారు. పాత డైనమో తీసేసి ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరు వేశాం. అది కూర్చోడానికి లేతు షాపులో పట్టీ చేయించాం. పెద్ద బ్యాటరీ పెట్టి, అక్కణ్ణుంచి డిక్కీలోని యాంప్లిఫయరు దాకా వేలంత లావు వైరు లాగి, మొదట్లోనే ఫ్యూజు వేసి, తుప్పు గీకి ఎర్త్ బిగించాం. ఆ పని చేస్తున్నన్నాళ్ళూ నాకు ఏడుపు రాలేదు. చేతికి పని ఉంటే దుఃఖం కాస్త పక్కకి జరుగుతుంది కాబోలు.

వీధిలో పెడితే బాగుండదని పొద్దున్నే నాన్నగారిని ఎక్కించుకుని కారుని కొల్లేరు వైపు తీసుకెళ్ళి, చేపల చెరువు గట్టు మీద ఆపాను. మీట తిప్పగానే నీటి మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పాట కంటే ముందు, మేం ఎప్పుడూ పట్టించుకోని చిన్న దగ్గు, ఆ వెంటనే "ఆగండర్రా, ఇంకా మొదలెట్టలేదు" అని పిల్లల్ని కసిరిన అక్క మాట, గట్టంతా వినిపించాయి. నాన్నగారు రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి, "దీనికి జలుబు చేసిందిరా" అన్నారు, అప్పుడే ఇంటికెళ్ళి మిరియాల కషాయం కాచివ్వాలన్నట్టు. నేను తలుపు తీసుకుని దిగిపోయాను.

రెండేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఆ మోత కూడా ఆయన చెవికి అందలేదు. తలుపు రేకు మీద అరచెయ్యి పెట్టి అదురు మాత్రం పట్టుకునేవారు. ఒక ఆదివారం మేం బయల్దేరుతుంటే అమ్మ చెప్పులేసుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. గట్టు మీద పాట మొదలవగానే ఆవిడ ముఖం పాలిపోయింది, అయినా దిగలేదు. ముందుకి వంగి ఆయన భుజం తట్టి, తనవైపు తిప్పుకుని, పెదవులు కదలడం కనబడేలా ఒక్కొక్క మాటా తానూ పలికింది. "ఇప్పుడిక్కడ పాడుతోందండీ" అంది. ఆయన ఆవిడ నోటి వంకే చూస్తూ పాట చివరిదాకా తలూపారు.

ఇద్దరూ పోయారు. కారు పాత ఇనుముకి పోయింది. క్యాసెట్టు టేపు నలిగి, ఒకచోట తెగి, అతికించిన దగ్గర్నుంచి గరగరలే తప్ప మాట రాలేదు. ఇప్పుడు కార్లు కంపెనీ నుంచే అన్ని హంగులతో వస్తున్నాయి, పాట కోసం బోనెట్టు ఎత్తేవాళ్ళు లేరు. పిల్లలు అయినవాళ్ళ గొంతులన్నీ ఫోనులో దాచుకుంటున్నారు, మంచిదే. నాకు ఆ పాటలో ప్రతి చరణం కంఠతా వచ్చు. మా అక్క గొంతు ఎలా ఉండేదో మాత్రం, ఎంత తలుచుకున్నా, ఇప్పుడు గుర్తు రావడం లేదు.