రాణి ముఖం మీద కిరసనాయిలు

మొన్న నిమ్‌పురా రైల్వే కాలనీలో మా అమ్మాయి డాన్సు ప్రోగ్రాంకి వెళ్తే, హాలు పక్క టీకొట్టు స్టవ్వు నుంచి కిరసనాయిలు వాసన కొట్టింది. వెంటనే కొంగుతో ముక్కు మూసుకున్నాను.

నా ఏడేళ్లప్పుడు అదే హాల్లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తెలుగువాళ్లు నాటకం వేశారు. అందులో రాణి నిజంగా ఆడమనిషేననీ, విజయనగరం నుంచి రప్పించారనీ అనుకున్నాను. ఆట అయ్యాక ఆవిణ్ణి దగ్గర్నుంచి చూద్దామని తెర వెనక్కి పరిగెత్తాను.

రాణి కాళ్లు బార్లా చాపి కూర్చుని, చెమట కారుతున్న విగ్గు ఒళ్లో పడేసి, పెదవి కింద ఖైనీ కుక్కుకుంది. వర్క్‌షాపులో చేతుల గ్రీజు తుడుచుకునే కాటన్ వేస్టునే కిరసనాయిల్లో ముంచి ముఖం రుద్దుకుంది. తెలుపూ ఎరుపూ కలిసి చీములా జారాయి. ఆ చీము కింద నుంచి మా నాన్న ముఖం బయటపడింది.

"ఏటే, రాణి ఎలాగుంది?" అంటూ ఆ జిడ్డు ముఖంతోనే నన్ను ముద్దుపెట్టుకున్నాడు. అక్కడే వాంతి చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతుంటే అమ్మ ఆపింది. "సెవి ఎనకాల రంగు అలాగే ఉంది, తుడుసుకోండి. షాపులో నవ్వుతారు."

నాన్న తడుముకుని చూసి, చెయ్యి తీసేశాడు.

"ఉండనీ" అన్నాడు.

ఆ కాస్త రాణిని డ్యూటీకి కూడా తీసుకెళ్లాలనుకున్నాడని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ వాసన మాత్రం ఇప్పటికీ పడదు.